అర్థమయిందా చాందమ్మ గారూ

జూన్ 10, మంగళవారం

ఈ పొద్దు తొమ్మిదింటికి మళ్ళీ జాబు వచ్చింది. ఫోనులో జవాబు రాయడం నాకు చేతకాదు. అందుకే ఈ నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఎవరికీ చూపించేది లేదు.

నమస్తే చాందమ్మ గారూ అని మొదలుపెడతాడు. బతికున్నప్పుడు నా కొడుకు నన్ను ఒక్కనాడు గారూ అనలేదు. మొదటిసారి చూసినప్పుడు నవ్వి, ఏందిరా ఫారూఖూ ఇది, నేనేమన్నా తాసిల్దారునా అని అడిగాను. మా బండల షాపు గిరాకీలందరికీ కంప్యూటర్ మిషనే గారూ తగిలిస్తుందని, మా అమ్మ ఒక్కదానికి తీసేయమంటే అది వినదని చెప్పాడు.

నాకేం మతి పోలేదు. వాడు లేడని తెలుసు. ఏప్రిల్లో డోన్ దారిలో బండల లారీ తిరగబడింది. సరుకు దింపించడానికి వాడే వెంట పోయాడు. నలభై దినాల ఫాతిహా చదివింపులు కూడా అయిపోయాయి. ఈ జాబులు ఎండాకాలంలోనే రాసి పెట్టుకున్నాడు. వానలు మొదలయితే తీరిక ఉండదని. ఏ రోజుది ఆ రోజు మిషన్ పంపుతుంది. కోడలు షాహనా అంతా వివరంగా చెప్పింది.

తెలుసు. అయినా తొమ్మిది లోపల మొహం కడుక్కుని, తల దువ్వుకుని కూర్చుంటాను.

జూన్ 12, గురువారం

వచ్చింది. రెండుసార్లు చదివాను.

జూన్ 14, శనివారం

మంగళ, గురు, శని. వారానికి మూడు.

ఈ మెయిళ్ళు మొదలుపెట్టినప్పుడు వాణ్ణి ఎగతాళి చేయనివాళ్ళు లేరు. బేతంచెర్లలో రాళ్ళమ్మే షాపులకు కొదవా? అందరూ రోడ్డు పక్కన బండలు నిలబెట్టి కూర్చుంటే, వీడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మా మరిది జిలాని బాషా అయితే, రెండు దినాలకోసారి పలకరించేది వ్యాపారి కాదప్పా, బాకీలోడు అన్నాడు. నేను కూడా శానా ఎక్కువ రా, జనం విసుక్కుంటారు అన్నాను.

అప్పుడు వాడన్న మాట నాకు అట్లాగే గుర్తుంది.

"మా, సోడాబండి గిడ్డయ్య దినామూ గంట కొట్టుకుంటా మన వీధిలో పోతాండ్లా? మనం దినామూ తాగుతాండామా? తాగాలనిపించిన నాడు మాత్రం ఎవురు గుర్తొస్తాడు చెప్పు. నేను గంట కొడతాండా, అంతే."

ఇల్లు కట్టేవాళ్ళు ఎప్పుడు బండలు కొంటారో ఎవరికీ తెలియదు, ఆ రోజుకు మన పేరు వాళ్ళ చెవిలో ఉండాలి అనేవాడు. ఒట్టి ధరలు రాస్తే ఎవరూ చదవరని, ప్రతి జాబులో పనికొచ్చే ముక్క ఒకటి పెట్టేవాడు. ఈ పొద్దుటి దాంట్లో ఇట్లా ఉంది:

"చాందమ్మ గారూ, బండలు కొనేముందు ఒక చెంబుడు నీళ్ళు పోసి చూడండి. పొడి రాయి అబద్ధం చెప్తుంది. తడిసినాకే దాని అసలు రంగు."

ఇది వాడు రాసిన పొద్దు నాకు గుర్తే. పొయ్యి దగ్గరికి వచ్చి చదివి వినిపించాడు. ఎప్పుడూ అంతే. చదివి, అర్థమయిందా అని అడిగేవాడు. నేను అయిందంటేనే పంపేవాడు. కాలేదంటే తల గోక్కుంటూ పోయి మళ్ళీ రాసుకొచ్చేవాడు. నాది అయిదో తరగతి. నాకు అర్థమయితే మేస్త్రీలందరికీ అర్థమయినట్టే అని వాడి లెక్క. ఆ విధంగానే నా పేరు కూడా ఆ జాబులు పోయేవాళ్ళలో చేరింది.

జూన్ 17, మంగళవారం

నంద్యాల నుంచి గాబ్రియేలు అని కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. రెండు ఇళ్ళకు బండలు కావాలట. ఫారూఖ్‌ను పిలవమన్నాడు. షాహనా ఉన్నమాట చెప్పింది. ఆయనకు మొదట అర్థం కాలేదు. పొద్దున్నే జాబు వచ్చింది గదమ్మా అన్నాడట. చనిపోయినవాళ్ళ పేరుతో వ్యాపారమేమిటమ్మా, మనసు ఒప్పుకోవడం లేదు, మళ్ళీ చూస్తాలే అన్నాడట. పెట్టేసే ముందు, ఆయమ్మ బాగుందా అని అడిగాడట.

ఏ అమ్మ? నేనెట్లా తెలుసు ఆయనకు?

ఇట్లా ఇది మూడో ఫోను. షాహనా ఇద్దత్‌లో ఉంది. భర్త పోయినాక నాలుగు నెలల పది దినాల గడువు తీరేదాకా గడప దాటదు. ఇంట్లో కూర్చుని ఫోనుతో, ల్యాప్‌టాప్‌తో షాపు నడుపుతోంది. షాపులో పాలీష్ మిషన్ దగ్గర పనివాడు కంబన్న ఉన్నాడు. ఆర్డర్లు రాకపోతే కంబన్నను ఎన్నాళ్ళు నిలబెట్టగలం? కడపలో షాహనా వాళ్ళ నాయన ఇప్పటికే ఇద్దత్ కాగానే వచ్చేయమంటున్నాడు.

సాయంత్రం బియ్యం ఏరుతుంటే నా పక్కన వచ్చి కూర్చుంది. తనూ రెండు గింజలు ఏరింది.

"అత్తా, ఆయన పేరు తీసి నా పేరు పెడతా. జాబులు ఆపను. ఆయన రాసినవే పోతాయి. కింద పేరొకటే మారుస్తా."

"పేరు తీస్తే ఇంకేముండాది అందులో?" అన్నాను.

ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది. బియ్యంలో రాళ్ళు అట్లాగే ఉన్నాయి.

జూన్ 19, గురువారం

వచ్చింది. కింద వాడి పేరే ఉంది. షాహనా మార్చలేదు. మంచిది.

జూన్ 24, మంగళవారం

ఇద్దరమే ఉన్న ఇంట్లో ఇద్దరమూ మాట్లాడుకోకపోతే కుక్కర్ విజిల్ కూడా పెద్దగా వినపడుతుంది.

జాబు వచ్చింది. పాత బండలు పారేయొద్దు, పాలీష్ పట్టిస్తే కొత్తవాటి కంటే బాగుంటాయి అని రాశాడు. తిన్నావా అని రాయలేదు. ఎట్లా రాస్తాడు? అది గిరాకీలకు రాసింది.

జూన్ 28, శనివారం

వచ్చింది.

జూలై 1, మంగళవారం

పీర్ల పండగ వస్తోంది. పిల్లకాయలు డప్పు కొట్టుకుంటూ చందాకు తిరుగుతున్నారు. మన గడప దగ్గరికి వచ్చి డప్పు ఆపేశారు. వాళ్ళలో పెద్దవాడు, ఈ ఇంట్లో వద్దులే పా అని మిగతావాళ్ళను ముందుకు తోశాడు. ఏటా ఫారూఖే అందరికంటే ముందు ఇచ్చేవాడు. పోయినేడు పీర్ల కమిటీవాళ్ళు ఫోనులోనే చందా తీసుకున్నారు.

ఈ పొద్దుటి జాబు చదివి, ఇంకొంచెం ఉంటుందేమోనని కిందికి జరిపాను. చివర్లో సన్నటి అక్షరాలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ చూడలేదు. 'మీ చందాను రద్దు చేసుకోండి' అని ఉంది. ఈ జాబులతో పాటు పీర్ల చందా కూడా నా పేరున కట్టి పెట్టాడా వీడు? వాడు లేకుండా ఆ మొక్కు ఎవరు తీరుస్తారు? మొక్కు నిలిచిపోతే వాడి మీద ఉంటుంది గదా. షాహనాను అడుగుదామనుకున్నాను. ఇద్దరికీ మాటల్లేవు. రద్దయితే వాడి మీద బాకీ ఉండదని నేనే నొక్కాను.

మీ చందా రద్దయింది, మిమ్మల్ని కోల్పోయినందుకు విచారిస్తున్నాం అని వచ్చింది.

కమిటీవాళ్ళు మంచోళ్ళు. ఇంటికి రాలేకపోయినా విచారం తెలిపారు.

జూలై 3, గురువారం

తొమ్మిది దాటింది. పది దాటింది. రాలేదు. సిగ్నల్ లేదేమో. మిద్దె మీదికి పోయి కూడా చూశాను.

జూలై 5, శనివారం

రాలేదు.

జూలై 6, ఆదివారం

పీర్లు గుండం తొక్కాయట. నేను పోలేదు. డప్పులు ఇంటి దాకా వినిపించాయి.

జూలై 8, మంగళవారం

తొమ్మిదింటికి షాహనా గదిలో ఆమె ఫోన్ టింగుమంది. నాది చేతిలోనే ఉంది. మోగలేదు.

అంటే జాబు పోతోంది. నాకొక్కదానికే రావడం లేదు. పేరు మార్చనీయలేదని నన్నే తీసేసింది. నోటితో అనలేక చేత్తో చేసింది. నేను అడగను. నాకేం అవసరం? రాళ్ళ ధరలు చదివి నేనేం మేడ కడతానా?

జూలై 10, గురువారం

అడగలేదు. అన్నంలో ఉప్పు ఎక్కువైంది. అదీ అడగలేదు.

జూలై 12, శనివారం, కడప

నంద్యాల మీదుగా బస్సులో మా చెల్లెలు ఫిరోజా ఇంటికి వచ్చేశాను. షాహనాకు తోడుగా కంబన్న భార్య రమణిని పడుకోమని చెప్పి వచ్చాను. ఇద్దత్‌లో ఉన్న బిడ్డను వదిలి ఎట్లా వచ్చినావక్కా, నీకు బుద్ధి ఉండాదా అని ఫిరోజా గడపలోనే తిట్టింది. నీళ్ళు కూడా తిట్టినాకే ఇచ్చింది.

నేను బయలుదేరేటప్పుడు షాహనా తలుపు దాకా వచ్చి నిలబడింది. ఎన్నాళ్ళు అత్తా అని అడిగింది. చూద్దాం అన్నాను.

జూలై 15, మంగళవారం, కడప

ఫిరోజా భర్త అన్సార్ బండలు పరిచే మేస్త్రీ. టిఫిన్ చేస్తుంటే ఆయన ఫోన్ మోగింది. ఎడమ చేత్తో తీసి చూసి, టక్కున బోర్లించి పెట్టేశాడు. మళ్ళీ ఇడ్లీ తినలేదు. నాకు తెలిసిపోయింది. గోడ మీద గడియారం తొమ్మిదే చూపిస్తోంది.

ఇయ్యప్పా, చూస్తాను అన్నాను. ఇవ్వకుండా ఉండలేకపోయాడు.

'అన్సార్ మేస్త్రీ గారూ' అని ఉంది. నా కొడుకు జాబు, ఇంకొకరి పేరుతో. చదివాను. వంటగదిలో పరిచే బండకు నూనె మరక పడితే ఏం చేయాలో రాశాడు. ఏం చేయాలని రాశాడో ఇప్పుడు గుర్తు లేదు. పేరు దగ్గరే నా కన్ను ఆగిపోయింది.

అప్పుడిక పట్టలేక షాహనాకు ఫోన్ చేశాను. ఏం అన్నానో అంతా ఇక్కడ రాయలేను. కన్నదాన్ని నేను, నా బిడ్డ మాట నాకు రాకుండా చేయడానికి నువ్వెవరు అన్నాను. ఫిరోజా ఫోన్ లాక్కోబోయింది. ఆ పిల్ల నా మాటలన్నీ విని, ఏడవకుండా, నిదానంగా చెప్పింది.

"నేను తీయలేదత్తా. మీరే వద్దన్నట్టు ఒకటో తేదీన మిషన్ నాకు చూపించింది. చదివి తట్టుకోలేక మానుకున్నారేమో అనుకున్న్యా. అడిగితే మీకు ఇంకా కష్టమవుతాదని అడగలేదు."

"నేనెందుకు వద్దంటా? నేనేం నొక్కినా?"

"చందా రద్దు అని కింద ఉంటాది. అది నొక్కినారు."

అది పీర్ల చందా గదా అన్నాను.

కాదంది. జాబులు తెప్పించుకోవడాన్ని కూడా చందా అనే అంటారట. ఆ ముక్క ఒక్కటే ఫారూఖ్ రాసింది కాదట. మిషన్‌తో పాటే వచ్చిందట. వాడు రాసి ఉంటే నాకు చదివి వినిపించేవాడు. ఏం చందారా ఇది, నాకు అర్థం కాలేదు అనేదాన్ని. మార్చేవాడు.

జూలై 17, గురువారం, కడప

ఫిరోజా పెద్ద దర్గాకు తీసుకుపోయింది. అక్కడ అందరూ ఏదో ఒకటి ఇమ్మని అడుగుతున్నారు. నాకు ఏం అడగాలో తెలియలేదు. నా వేలే నొక్కింది, ఎవరి మీద చెప్పుకోను? విచారిస్తున్నాం అన్నది నా గురించేనట. నన్ను కోల్పోయామని. నేను కమిటీవాళ్ళను మెచ్చుకున్నాను.

సమాధి మీద కప్పే చాదర్ కొనలేదు. రెండు గాజు సీసాల అత్తరు కొన్నాను. ఒకటి షాహనాకు. ఇద్దత్‌లో అత్తరు పూసుకోరని దర్గా నుంచి తిరిగొచ్చే బస్సు ఎక్కినాక గుర్తొచ్చింది. ఉంటుందిలే, తర్వాత పూసుకుంటుంది.

జూలై 20, ఆదివారం

ఇల్లు చేరాను. షాహనా చిక్కింది. అత్తరు ఆమె చేతికి ఇవ్వలేదు, ల్యాప్‌టాప్ పక్కన పెట్టాను. మూత తీయకుండా వాసన చూసి అక్కడే పెట్టింది.

జూలై 22, మంగళవారం

ఈ పొద్దు కూడా నాకు రాలేదు. ఎందుకంటే ఒకసారి వద్దన్నవాళ్ళను షాపువాళ్ళు తిరిగి చేర్చడానికి మిషన్ ఒప్పుకోదట. వద్దన్నవాళ్ళే వచ్చి మళ్ళీ కావాలని అడగాలట. షాహనా ఇంకో మాట కూడా చెప్పింది. ఎల్లుండిదే ఆఖరు జాబు. వాడు శ్రావణం ముందు దాకానే రాసి పెట్టాడు.

నా ఫోన్‌లో చూడండి అత్తా అంది. అందులో షాహనా గారూ అని ఉంటుంది. నాకు నా పేరుతో కావాలి.

మధ్యాహ్నం షాపు పేజీ తెరిచి, ఇక్కడ మీ పేరు కొట్టండి అని ఫోన్ నా చేతిలో పెట్టింది. నేనే కొట్టాను. చాందమ్మలో అరసున్నా కాదు నిండు సున్నా అని వెతుక్కుని, మకు మ ఒత్తు ఎట్లా రావాలో తెలియక రెండుసార్లు చెరిపి, కొట్టాను. షాహనా సాయం చేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చేరండి అన్నది నొక్కాను.

అప్పుడే ఫోన్ మోగింది.

తొమ్మిది కాదు. గురువారం కాదు. జాబు వచ్చింది. షాహనా కూడా వంగి చూసింది. కొత్తగా చేరినవాళ్ళకు మొదట ఒకటి పోతుంది, మర్చేపోయినా అత్తా, అని మెల్లగా అంది. నన్ను వాడే చేర్చాడు కాబట్టి నాకు అది ఎప్పుడూ రాలేదు. నేను చూడని జాబు. దీన్ని ఒక్కదాన్నే వాడు నాకు చదివి వినిపించలేదు. మొత్తం ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

"చాందమ్మ గారూ, వచ్చినందుకు సంతోషం. నేను ఫారూఖ్. మాది బేతంచెర్ల, రాళ్ళ ఊరు. వారానికి మూడుసార్లు మిమ్మల్ని పలకరిస్తాను. ఎక్కువ అనిపించొచ్చు. మా అమ్మ కూడా అదే అంది. నేను రాసే ప్రతి జాబూ ముందు మా అమ్మకు వినిపిస్తాను. ఆమె అర్థమయింది అంటేనే మీ దాకా వస్తుంది. కాబట్టి రాయి బాగలేకపోతే తప్పు నాది. జాబు అర్థం కాకపోతే తప్పు మా అమ్మది. విసుగొస్తే వెళ్ళిపోండి, ఏమీ అనుకోను. మళ్ళీ రావాలనిపిస్తే రండి, అప్పుడూ ఏమీ అనుకోను."

తప్పు మా అమ్మది అన్నచోట నవ్వొచ్చింది. దొంగనాకొడుకు, ఊళ్ళన్నిటికీ చెప్పాడు. నంద్యాల గాబ్రియేలు అడిగిన ఆయమ్మ నేనే. కర్నూలు, అనంతపురం, కడప, ఎక్కడెక్కడో మేస్త్రీలందరికీ నేను తెలుసు. నాకే తెలియదు.

నవ్వుతూనే ఉన్నాను అనుకున్నాను. షాహనా నా తల తన ఒళ్ళోకి తీసుకుంది.

జూలై 24, గురువారం

వచ్చింది. చాందమ్మ గారూ అనే వచ్చింది. శ్రావణంలో ఇల్లు చేరేవాళ్ళు తొందరపడి తడి గోడల మధ్య బండలు పరిపించొద్దని రాశాడు. ఆఖరుది అని వాడికి తెలియదు గదా. శనివారం కలుద్దాం అని ముగించాడు.

జూలై 25, శుక్రవారం

పొద్దున నేనే కదిపాను. రేపు శనివారం, గంట మోగాల్సిన రోజు, ఏం చేస్తావమ్మా అని అడిగాను. షాహనా నా మొహం చూసింది. ఆ మొదటి జాబు మాత్రం వాడి పేరుతోనే ఉండనీ, కొత్తగా వచ్చినవాళ్ళను వాడు పిలవనీ, తక్కిన వాటికి నీ పేరు పెట్టుకో అన్నాను. ముందే చెప్పాల్సింది. ఇప్పటికైనా నోరు పెగిలింది.

మధ్యాహ్నం దాకా కూర్చుని రాసింది. నేను పొయ్యి దగ్గర ఉంటే వచ్చి, తలుపుకు ఆనుకుని చదివింది. మా గౌరవనీయ వినియోగదారులకు తీవ్ర విషాదంతో తెలియజేయునది ఏమనగా అని మొదలుపెట్టింది. కడప కాలేజీలో డిగ్రీ చదివిన పిల్ల.

అర్థం కాలేదు అన్నాను.

మొహం మాడ్చుకుని పోయింది. మళ్ళీ వచ్చింది. అనివార్య కారణాలు అనే మాట ఉంది. అర్థం కాలేదు అన్నాను. మీకు అర్థమయింది అత్తా, ఊరికే అంటాండారు అంది. వాడితో కూడా నేను అట్లాగే అనేదాన్ని అన్నాను. ఆ పిల్ల తల గోక్కుంది. వాడు గోక్కున్నట్టే.

మూడోసారి వచ్చేటప్పటికి కూర ఉడికిపోయింది. పొయ్యి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని విన్నాను. ఈసారి చిన్నగా ఉంది.

"చాందమ్మ గారూ, నేను షాహనా, ఫారూఖ్ భార్యను. ఫారూఖ్ ఏప్రిల్లో చనిపోయాడు. ఇన్నాళ్ళూ మీకు వచ్చినవి ఆయన ముందే రాసి పెట్టినవి. షాపు ఉంది, రాయి అదే రాయి. ఇకనుంచి వారానికి మూడుసార్లు నేను పలకరిస్తాను."

చదవడం అయిపోయింది. తలుపు దగ్గరే నిలబడి ఉంది. పెద్దగా కాకుండా అడిగింది.

"అర్థమయిందా అత్తా?"

రెండో ముక్క మళ్ళీ చదవమన్నాను. చదివింది. ఇంకొకసారి చదవమన్నాను. చదివింది. గట్టు మీద పసుపు డబ్బా మూత తెరిచి ఉంటే పెట్టాను. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాను.

అర్థమయింది అన్నాను. పంపించు అన్నాను.